పూడ్చేసిన మడుగు

మొన్న ఇక్కడ కెనడాలో, మా అమ్మాయి బడి సభలో ఒకాయన, ఈ నేల మూలవాసులదనీ, వారికి కృతజ్ఞులమనీ ఇక్కడి ఆనవాయితీ కొద్దీ కాగితం చూసి గడగడా చదివేసి, ఆ వెంటనే కార్లు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నోరు చేదయింది.

మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న ఆ రోజుల్లో, ముప్పై దాటాక టీచరు ఉద్యోగం వదులుకుని, నేనూ హామిల్టన్‌లో ఒక కాలేజీలో చేరి, సాయంత్రాలు ఒక చిన్న ఆర్ట్ గ్యాలరీలో ఊడ్చీ తుడిచీ పెట్టెలు మోసే పార్ట్‌టైమ్ చేసేదాన్ని. మా అమ్మ వయసున్న ఒక మూలవాసి కళాకారిణి అక్కడ ప్రదర్శన పెట్టడానికి వచ్చింది. వాళ్ళ పూర్వీకులు చేపలు పట్టుకుని బతికిన మడుగును ఏనాడో మట్టితో పూడ్చి, పైన ఉక్కు గోదాములు కట్టేశారట. ఆ మడుగునే ఆమె గ్యాలరీ నేలమీద పరిచింది. సరస్సు ఒడ్డున ఏరుకొచ్చిన తుప్పు కమ్మీలు రెల్లుగా, చిరిగిన వలలు అలలుగా, నీలం సీసామూతలు లోతు నీళ్ళుగా. అసలు మడుగును కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆమె అక్క ఒక్కతే. ఆ పెద్దావిడ చక్రాల కుర్చీలో కూర్చుని, చేతికర్రతో చూపిస్తూ, వంపు ఇంకాస్త అటు అని సరిచేసేది.

మా ఊరు నా చిన్నప్పుడే రిజర్వాయరులో మునిగిందని చెబితే, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ నేల మీద నీళ్ళు పోశారు. మా నీళ్ళ మీద మట్టి పోశారు."

ప్రదర్శన సగంలో ఉండగానే ఆ పెద్దావిడ పోయింది. అక్క అంత్యక్రియలకు ఆ కళాకారిణి వెళ్ళినప్పుడు, హాలును ఎవరి పార్టీకో అద్దెకిచ్చిన మేనేజరు అంతా ఖాళీ చేయించాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి నేల అద్దంలా ఉంది. కొత్తగా పనిలో చేరిన కరీంనగర్ అమ్మాయిని అడిగాను.

"ఇక్కడివన్నీ ఏవమ్మా?"

"డంప్‌స్టర్ల ఏసినం అక్కా. స్క్రాప్ అన్నడు మేనేజర్. పొద్దుగాల ట్రక్కొచ్చి తీస్కపోయింది. ఎందుకక్కా, ఏమైంది?"

ఒక్క సీసామూతైనా మిగిలిందేమోనని హాలు మూలలన్నీ వెతికాను.

ఆ కళాకారిణి తిరిగొచ్చి, ఖాళీ నేలను చూసింది. మేనేజరు సారీ చెబుతూనే, దొరికిన వస్తువులే కదా, మళ్ళీ ఏరుకోవచ్చన్నాడు.

"ఏరుకుంటాను. ఎక్కడ పెట్టాలో ఎవర్ని అడగను?" అందామె.

ఇక ఆ గుమ్మం తొక్కలేదు. ఆ వారమే నేనూ పని మానేశాను.

చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయిన మా ఊరివాళ్ళం ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో కలుస్తున్నాం. రేవుకు దారి చావడి ముందునుంచా, వెనకనుంచా అని ఎవరో అడుగుతారు. తలా ఒకటి చెబుతాం. మునుపైతే, నోర్ముయ్యండర్రా, మీకేం తెలుసు అని కసిరే పెద్దలుండేవారు. ఇప్పుడు ఎవరేం చెప్పినా, అవునవునంటూ దండాల బొమ్మలు పెట్టేస్తున్నాం.