లేని జ్వరం

తల్లి చనిపోయేనాటికి నజీమాకు పందొమ్మిదేళ్లు, చెల్లెలు అఫ్సాకు ఎనిమిది. తండ్రి లారీల మీద తిరిగే మనిషి, ఇంటిపట్టున ఉండేది తక్కువ. జడ వేయడం దగ్గర్నుంచి పదో తరగతి పరీక్షలకు తోడు వెళ్లడం దాకా అఫ్సాకు అన్నీ అక్కే. విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో మిషను కుట్టుకుంటూ ఆమె చెల్లెల్ని పెంచింది. థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పని చేసే లాల్ అహ్మద్ సంబంధం వచ్చినప్పుడు కూడా, చెల్లెలు తనతోనే ఉంటుందని ముందే చెప్పింది. "ఉండనివ్వండి, ఇంట్లో నవ్వులుంటాయి" అన్నాడతను. ఆ ఒక్క మాటకే నజీమా ఒప్పుకుంది.

వాళ్లకు పిల్లలు కలగలేదు. అఫ్సాను హైదరాబాద్‌లో ఏసీలు బాగుచేసే ఆసిమ్‌కిచ్చి చేశారు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, నిండు కడుపుతో అక్క దగ్గరికి వచ్చిన అఫ్సా ఆడపిల్లను కని, పదకొండో రోజున కన్నుమూసింది. గుడ్డలో చుట్టిన పసిగుడ్డును ఆసిమ్ తెచ్చి నజీమా చేతుల్లో పెట్టాడు. "నాకు చేతకాదు ఆపా" అని మాత్రం అన్నాడు. అఫ్సాలాగే అతనూ అక్కను ఆపా అనేవాడు.

పిల్లకు ఇఫ్రా అని పేరు పెట్టారు. ఇఫ్రాకు నజీమాయే అమ్మీ, లాల్ అహ్మద్ బాబా. పండక్కి గౌన్లు పట్టుకొచ్చే ఆసిమ్ 'హైదరాబాద్ అబ్బా'. అందరికీ ఒక బాబా ఇంట్లో, ఒక అబ్బా హైదరాబాద్‌లో ఉంటారనుకునేది ఆ పిల్ల.

పోయిన ఏడు ఆసిమ్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి నెమ్మదైన మనిషి. నజీమా ఎంత వెతికినా వంక దొరకలేదు. ఈ ఎండాకాలం ఆసిమ్ వచ్చి తలొంచుకుని అడిగాడు. "ఐదేళ్లు నిండాయి కదా ఆపా. జూన్‌లో అక్కడ బడిలో వేస్తాం. నా దగ్గర పెరగాలని ఉండదా నాకు?"

కాదనడానికి ఏముంది? కన్నతండ్రి. నజీమా ఒక్కటే కోరింది. పిల్ల ఎప్పట్నుంచో సముద్రం చూపించమంటోంది, మూడు రోజులు చూపించి పంపిస్తానని. లాల్ అహ్మద్ సెలవు పెట్టాడు. బందరులో లాడ్జీ తీసుకుని, రోజూ ఆటోలో మంగినపూడి తీరానికి వెళ్లేవాళ్లు. మూడో రోజు పొద్దున్నే ఆసిమ్ తిన్నగా అక్కడికే వచ్చి పిల్లను తీసుకెళ్లాలని అనుకున్నారు.

ఆ మూడో రోజు తెల్లవారాక కూడా ఇఫ్రాకు అసలు సంగతి తెలియదు. "పది రోజులు అబ్బా దగ్గర ఆడుకుని వద్దువుగాని" అని చెప్పి ఉంచింది నజీమా.

"తప్పు చేస్తున్నావు" అన్నాడు లాల్ అహ్మద్, ఒడ్డున తువ్వాలు పరుస్తూ. "అక్కడ పిల్ల రోజూ వేళ్లు మడుచుకుంటా కూర్చుంటది. పదకొండో రోజు మనమీద నమ్మకం పోద్ది."

నల్లటి తడి ఇసుకలో ఇఫ్రా గొయ్యి తవ్వుతోంది. అల వచ్చి గోతిని నింపి పోతే, విసుక్కోకుండా మళ్లీ తవ్వుతోంది. ఆ చిన్న వీపును చూస్తుంటే నజీమాకు ఏమైందో, ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లింది.

"ఆసిమ్, పిల్లకు రాత్రి నుంచి జ్వరం. నూట రెండు ఉంది. ఇప్పుడు ప్రయాణం వద్దు. ఇంకోసారి వద్దువుగాని."

అవతల బస్సు చప్పుడు. "పామర్రు దాటేశాను ఆపా. వచ్చేస్తున్నా. మీరు కంగారు పడకండి" అన్నాడతను.

గంట తర్వాత ఆసిమ్ ఇసుకలో పరుగులాంటి నడకతో వచ్చాడు. ఒక చేతిలో మందుల షాపు కవరు, ఇంకో చేతిలో కొబ్బరిబోండాం. ఇఫ్రా మోకాలి లోతు నీళ్లలో నిలబడి, అల తాకినప్పుడల్లా కిలకిలా నవ్వుతోంది. అతను చెప్పులతోనే నీళ్లలోకి దిగి పిల్ల నుదురు తాకాడు, మెడ తాకాడు. తర్వాత ఒడ్డునున్న నజీమా వైపు చూశాడు.

ఆమె తల దించుకుంది. అబద్ధం దొరికిపోయింది. ఇప్పుడు ఏమన్నా పడాలి.

"తగ్గిపోయింది ఆపా" అన్నాడు ఆసిమ్ మెల్లగా. "సముద్రం గాలి పడ్డట్టుంది." మందు సీసాను ప్యాంటు జేబులోకి తోసేశాడు.

అతను తిట్టి ఉంటే నజీమా తట్టుకునేది. ఇసుకలో కూలబడింది. ఆసిమ్ వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నాడు. "ఇంకో ఏడాది ఉంచుకోండి. నేను ఇంట్లో చెప్పుకుంటాను" అన్నాడు.

సరేనన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఇఫ్రా పరుగెత్తుకొచ్చింది. ఆసిమ్ చేతులు చాచాడు. పిల్ల బెరుగ్గా చూసి నజీమా వెనక దాక్కుంది. చాచిన చేతుల్ని వెనక్కి తీసుకోవడం తెలియక అతను అలాగే ఉండిపోయాడు. ఐదేళ్లుగా ప్రతి పండక్కీ ఆ చేతులు అలాగే ఉండిపోయాయని నజీమా ఆ క్షణంలో గమనించింది.

"వద్దు. ఇవాళే తీసుకెళ్లు" అంది. "ఇంకో ఏడాదైతే నేను నిన్ను పిల్లను తాకనివ్వను కూడా."

ఇఫ్రాను చంకనెత్తుకుని నీళ్ల అంచుదాకా నడిచింది. అక్కడ నిలబడి అన్నీ చెప్పింది. అఫ్సా అని తనకో చెల్లెలుండేదని, ఇఫ్రా ఆమె పొట్టలోంచి పుట్టిందని, హైదరాబాద్ అబ్బానే అసలు అబ్బా అని, ఇక వాళ్లింట్లోనే ఉండి బడికెళ్లాలని. "నేను నీకు ఖాలాని. అంటే అమ్మీకి అక్కని."

"అయితే నువ్వెవరి అమ్మీవి?" అని అడిగింది పిల్ల.

నజీమా పిల్ల జుట్టులో ఇసుక దులుపుతూ ఉండిపోయింది.

భోజనాలయ్యాక ఆటో వచ్చింది. ఎక్కేటప్పుడు ఇఫ్రా ఏడవలేదు. ఆటో కదిలాక మాత్రం వెనక్కి తిరిగి ఏదో అరిచింది. ఇంజను చప్పుడులో ఆ మాట వినబడలేదు. ఏమని అరిచిందో నజీమా ఆ తర్వాత ఎన్నిసార్లో ఊహించుకుంది.

ఇఫ్రా అక్కడ కుదురుకుంది. మొదట్లో అన్నం మానేసిందట, తర్వాత బడి నచ్చిందట. ఆదివారాలు వీడియో కాల్‌లో కొత్త బూట్లు చూపిస్తుంది. ఆసిమ్ ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులేస్తుంది. అది చూసి నజీమా సంతోషిస్తుంది, ఫోన్ పెట్టేశాక కాసేపు మిషను తొక్కలేకపోతుంది. అవన్నీ తర్వాతి మాటలు.

ఆ సాయంత్రం బందరు నుంచి విజయవాడ బస్సులో నజీమా కిటికీ పక్కన కూర్చుంది. తన దుఃఖం ఎలా ఉంటుందో ఆమె నెల రోజులుగా ఎరిగే ఉంది, దానికి సిద్ధపడే ఉంది. ఉయ్యూరు దగ్గర కండక్టరు టికెట్లు చూపించమన్నాడు. లాల్ అహ్మద్ జేబులోంచి తీసిన టికెట్లు కింద పడ్డాయి. వంగి తీయబోయిన మనిషి తిరిగి లేవలేదు. ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి వెక్కుతున్నాడు. పదిహేడేళ్ల కాపురంలో అతను ఏడవడం ఆమె చూడలేదు. అఫ్సాను ఖననం చేసి వచ్చినప్పుడు కూడా స్నానం చేసి, పిల్లకు పాలు కలిపిన మనిషి అతను.

"ఏమండీ" అంది.

"నన్నెవరూ అడగలేదు నజీమా" అన్నాడతను తల ఎత్తకుండానే. "ఇస్తావా అని నన్ను ఒక్కళ్లూ అడగలేదు."

కండక్టరు వంగి తనే టికెట్లు తీసి చూసుకుని, నజీమా చేతికిచ్చి ముందుకు వెళ్లిపోయాడు.