పెద్దమ్మ దంచిన బండ

మొన్న శుక్రవారం పొద్దుగాల నిడమనూరు నుంచి ఫోనొచ్చింది. మా పెద్దమ్మ పోయింది. ఏడుపొచ్చింది. కానీ ఆమె గురించి చెప్పబోతే మాత్రం నాకు హుషారే వస్తది, ఏం చెయ్యమంటరు.

పెళ్లైన కొత్తల కరువొస్తే, పెద్దనాయనతోని రాయచూరు దిక్కు ఒక చిన్న బంగారు గనుల ఊరికి పోయింది. గని మూతబడేదాక ఆడనే ఉన్నది. తిరిగొచ్చినంక గూడ పొలంగట్టు మీద తెల్లటి పలుగురాయి కనబడితే ఊకునేది కాదు. ఎండకు పట్టి, అటిటు తిప్పి, "ఉత్తదే, బంగారం లేదు" అని పారేసేది. నేను మిర్యాలగూడల కొత్త గొలుసు కొని చూపిస్తే మురిసేది గానీ, ఒక మాట అననిదే విడిచేది కాదు: "మెడల ఏసుకునేటోళ్లకు బంగారం, దంచేటోళ్లకు బొబ్బలు."

పోయిన చలికాలం ఆ గనుల ఊరి బడి సారు ఊరి చరిత్ర పుస్తకం రాస్తుండని తెలిసింది. ఫోన్ చేసి పెద్దమ్మ సంగతి చెప్తే, పాతోళ్లకు చూపమని మొదటి పేజీలు నాకు పంపిండు. చదివి వినిపించిన. గని రాయిని పొడి చేసే మిల్లు వచ్చింది, బంగారం వచ్చింది అని మొదలైంది. పెద్దమ్మ మంచంలకెల్లి లేచి కూసుంది.

"మిల్లొచ్చినంకనే బంగారమొచ్చిందా? మరి అంతకుముందు మేం దంచింది ఉప్పా?"

మిల్లు లేనప్పుడు గనిల తీసిన రాయిని బండ మీది గుంతలల్ల ఏసి పొడి చేసింది ఆడోళ్లేనంట. సారుకు ఫోన్ చేస్తే మర్యాదగనే చెప్పిండు: "కాగితాలల్ల యాడా లేదమ్మా. రుజువు లేకుండ ఎట్ల రాయాలె?"

"కారు మాట్లాడు బిడ్డా," అన్నది పెద్దమ్మ నాతోని. "నేను సచ్చినంక గిదే నిజమనుకుంటరు."

పోయినం. ఆమె చూపిన కాడ సర్కారు తుమ్మ కొట్టిస్తే బండ బయటపడ్డది, గుంతలతో సహ. సారు మాత్రం, "వడ్లు దంచినయేమో, ఎట్ల తెలుస్తది?" అన్నడు. పెద్దమ్మ కోపానికి రాలే. ఊర్లె మిగిలిన తన జతగత్తెలను పిలిపించమన్నది.

ముగ్గురొచ్చిన్రు. ఎందుకు పిలిచినమో వాళ్లకు ఎవరం చెప్పలే. ఎవరి గుంత కాడికి వాళ్లు నడిచి కూసున్నరు. ఒకామెకు చూపు ఆనదు. బండను తడుముకుంట పోయి అంచున ఆగింది. గుంతల చెయ్యి పెట్టి, "రాయి ఇంకా పోయలేదేందే?" అని మా పెద్దమ్మను అడిగింది. సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

పుస్తకం ఇంకా అచ్చు కాలే. పెద్దమ్మ దాన్ని చూడలే. కానీ ఆ దినం సారు బండ మీదనే కూసుని, పెన్ను తీసి, "మీ పేర్లు చెప్పండి తల్లీ, ఇంటిపేర్లతోని," అన్నడు. మొదలు పెద్దమ్మ తన గుంతల చెయ్యి పెట్టి చెప్పింది. ఆయన రాసుడు అయ్యేదాక గుంతలకెల్లి చెయ్యి తియ్యలే.