టీవీలో చెడిపోయిన నల్లా

నా ఒక్క మాటకు మునిసిపాలిటీ మొత్తం బొంబాయిలోని మా కామాటిపురా గల్లీకి పరుగెత్తుకొచ్చింది. ఆ మాటే మా ఇంటి పొయ్యి కూడా ఆర్పబోయింది. అదీ చెబుతాను గాని, ముందు మొదటి వాక్యాన్ని కాసేపు ఆనందించనివ్వండి.

అప్పటికి నేను అరవై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి. చాల్ అనే వరసగదుల కొంపలోని మా ఒంటి గదిలోనే మా ఆవిడ లక్ష్మవ్వ మెస్సు నడిపేది. పాలమూరు నుంచి కూలికొచ్చిన ఇరవై మంది ఆమె జొన్నరొట్టెల మీద బతికేవారు, మేము వాళ్ళ మీద.

ఒకసారి రెండు రోజులు నల్లాలో మడ్డినీళ్ళు వచ్చాయి. మూడోనాటికి తేటపడ్డాయి. నాలుగోనాడు తెలుగు చానల్ అమ్మాయి ఒకతె మైకు పట్టుకుని దిగింది.

"నీళ్ళ ఇబ్బంది ఉందా తాతగారూ?"

"రెండొద్దులు ఉండెనమ్మా. ఇప్పుడు మంచిగనే వస్తున్నయ్."

ఆమె మైకు దించేసింది. పెళ్ళిలో నా విస్తరి దాకా వచ్చిన లడ్డూ వెనక్కి పోయినట్టయింది నాకు.

"ఆగమ్మా. ఆర్నెల్ల సంది మోరీ నీళ్ళే. గవ్విటితోనే వండుతున్నం, గవ్వే తాగుతున్నం."

కండువాతో కళ్ళు కూడా ఒత్తుకున్నాను. చుక్క రాలేదు గాని, కెమెరా దగ్గరికొచ్చింది.

సాయంత్రం టీవీలో నేను, వెనక ఏడుపు సంగీతం. ఆ ముసలాయన్ని చూసి నాకే కడుపు తరుక్కుపోయింది. నమ్మండి, నోటి దాకా ఎత్తిన నీళ్ళ చెంబు తాగకుండా దించేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు కెమెరాకు చిక్కితే నల్లా చెడుతుంది.

మర్నాడు మా మెస్సుకు ఒక్కడూ రాలేదు, అందరూ ఫోరస్ రోడ్డు మెస్సుకు మళ్ళారు. అరవై రొట్టెలు నన్నే చూస్తున్నాయి. లక్ష్మవ్వ వెళ్ళి గల్లీ మొగన బాలయ్యను పట్టుకుంది.

"నాలుగేండ్లు తింటివి కద బాలయ్యా, ఒక్క దినమన్న కడుపు నొచ్చెనా?"

"లేదవ్వా."

"మరి?"

"టీవీల చూపిచ్చిన్రు కదవ్వా."

ఆమె తిరిగొచ్చి నా చేతికి చెంబెడు నీళ్ళిచ్చి గుమ్మంలో కూర్చోబెట్టింది. వచ్చేపోయే వాళ్ళ ముందు తాగాలి, తాగి తప్పు ఒప్పుకోవాలి.

"నేను అబద్ధం చెప్పిన బాలయ్యా. నీళ్ళు మంచియే."

"గా మాట టీవీల చెప్పు తాతా, నమ్ముతం."

చానల్ అమ్మాయికి ఫోను చేశాను. "నల్లా బాగుంటే వార్తేముంది తాతగారూ?" అని పెట్టేసింది. మునిసిపాలిటీ మొత్తం వచ్చిందన్నానే, వచ్చింది ఒక్కడు. సీసాలో నీళ్ళు పట్టి, వెలుతురుకెత్తి చూసి, తర్వాత నన్ను అంతకన్నా ఎక్కువసేపు చూసి పోయాడు.

మూడు రోజుల్లో పదహారు చెంబులు తాగాను. నాలుగోనాడు బాలయ్య వచ్చి పీట వాల్చుకున్నాడు. వాడి వెనకే తక్కినవాళ్ళు. నా నిజాయితీ గెలిచింది. ఆనాడే రొట్టెల పెనం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక మైకు కనబడితే మూగవాణ్ణి, కెమెరా కనబడితే గుడ్డివాణ్ణి.

ఇదంతా చదివి వినిపిస్తే లక్ష్మవ్వ పిండి పిసుకుతూ తలైనా ఎత్తలేదు.

"ఏం నిజాయితీనయ్యా? ఫోరస్ రోడ్డు మెస్సు ఆ దినం బందుండె. ఆకలైతే వచ్చిండు."