లైవ్ పోయిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చని మా క్యాంపులో అందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి. కాకినాడ వైపు నుంచి ఖతర్ వచ్చి ఏడాది కూడా కాలేదు, వయసు ఇరవై మూడు, ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్ (అంటే ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి ఫైల్లో పెట్టి, ఎవరైనా అడిగినప్పుడు ఆ ఫైలు కనపడటం లేదని చెప్పే పని). నంబర్లు వేసీ వేసీ ఆ కాగితాలు రాసింది కూడా నేనే అన్న భ్రమ ఎప్పుడో పట్టుకుంది నాకు. మొన్న ఫోన్లో ఒక వార్త చదివాను. అమెరికాలో కాలేజీల జట్లు తాము ఆడుతున్న కూటమిని వదిలేసి ఇంకా పెద్ద కూటముల్లో చేరిపోతున్నాయట. వాళ్ల ఆటలు టీవీలో చూపించే హక్కు ఎవరిదని కోర్టుల్లో దావాలు నడుస్తున్నాయట. పకపకా నవ్వాను. ఆ తగాదా మొత్తం దుఖాన్ రోడ్డు పక్కన మా క్యాంపులో, వాలీబాల్ నెట్టు కింద, నా చేతుల మీదుగా ఎప్పుడో జరిగిపోయింది. "ఏంటండీ ఒక్కరే నవ్వుతున్నారు?" అంది మా ఆవిడ. చెప్పడం మొదలుపెట్టాను గానీ సగానికి వచ్చేసరికి నీళ్లు తాగే నెపంతో లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. అందుకే రాస్తున్నాను.

మా చుట్టుపక్కల ఐదు క్యాంపుల వాళ్లు ప్రతి శుక్రవారం సాయంత్రం వాలీబాల్ లీగ్ ఆడేవారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి సైటు పనులకు వచ్చినవాళ్లే దాదాపు అందరూ. లీగ్‌కు పెద్ద మా ఫోర్‌మన్ కాక. మైదానం పక్కన ఒక స్కఫోల్డింగ్ పైపు పాతి, దానికి నా ఫోన్ కట్టి, లీగ్ పేజీలో ఆటను లైవ్ పెట్టేవాళ్లం. కామెంట్రీ నాది. ఆట కోసం చూసేవాళ్లు తక్కువే. ఊళ్లలో ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ చేరి తమ మనిషి ఎలా ఉన్నాడో చూసుకునేవారు. అందుకని ఆటకు ముందు ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఇంటికి తెలియాల్సిన సంగతి నా చెవిలో వేసిపోయేవారు. నేను దాన్ని కామెంట్రీలో కలిపేవాణ్ణి. "ఇప్పుడు సర్వీస్ చేస్తున్నది మన వెల్డర్ తమ్ముడు, జ్వరం పూర్తిగా తగ్గింది, నిన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు, అరెరే, బాల్ అవుట్!" అని ఒకే ఊపిరిలో చెప్పేయడం నాకు బాగా అలవాటైపోయింది.

వీళ్లందరిలో ఆ లైవ్ మీదే ప్రాణం పెట్టుకున్నవాడు లిఫ్టర్ అన్న. (నెట్టు దగ్గర బంతిని ఎత్తి ఇచ్చేవాణ్ణి లిఫ్టర్ అంటారు. వాడు ఎత్తిస్తే ఇంకొకడు బాదుతాడు, చప్పట్లు బాదినవాడికి పడతాయి.) ఆ వేసవిలో వస్తానని ఇంట్లో మాటిచ్చి, కంపెనీ అడిగితే కాదనలేక, భార్యకు ఒక్క మాటైనా చెప్పకుండా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించుకున్నాడు. సంగతి తెలిసిన రోజు నుంచి వదిన అతనితో మాటలు మానేసింది. ఏడు నెలలైంది. ఫోన్ చేస్తే ఎత్తి కూతురికి ఇచ్చేది. ఎనిమిదేళ్ల ఆ పిల్లే ఒకరోజు రహస్యం బయటపెట్టింది: "నాయినా, అమ్మ శుక్రారం శుక్రారం నీ ఆట సూస్తది. నేను జెప్పిన్నని జెప్పకు!"

ఆ మాట విన్నప్పటి నుంచి అన్న మనిషే మారిపోయాడు. గురువారం రాగానే క్షవరం, శుక్రవారం ఇస్త్రీ చేసిన జెర్సీ (వాలీబాల్ జెర్సీకి ఇస్త్రీ చేసినవాణ్ణి మళ్లీ ఎక్కడా చూడలేదు). ఆటలో ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను పైపుకి కట్టిన ఫోన్ మీద. "తమ్మీ, నా మోకాలు మంచిగైందని ఒక్క మాట అను. నన్నయితే జెప్పనియ్యది గద," అని బతిమాలేవాడు. నేను ఒక్క ఆటలో ఆ మోకాలి ఊసు ఆరుసార్లు ఎత్తేవాణ్ణి. ఒకసారి అతను వెనక్కి నడుస్తూ నీళ్ల డబ్బాలో కూలబడ్డాడు. నేను దాన్ని కాస్త ఎక్కువగానే వర్ణించాను. మర్నాడు కూతురు చెప్పిందట, అమ్మ నవ్విందని. ఆ వారమంతా నా టీ అతనే తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

ఇంతలో ఫోర్‌మన్ కాకకు లీగ్‌కొక అగ్రిమెంటు ఉండాలని బుద్ధి పుట్టింది. "గట్టి కాయితం రాయ్ తమ్మీ. ఎవడు సూసినా భయపడాలె," అన్నాడు. నాకు రాయడం వస్తే కదా. ఆఫీసులో ఉన్న సబ్ కాంట్రాక్టు ఒకటి తెరిచి, 'సబ్ కాంట్రాక్టర్' అని ఉన్నచోటల్లా 'జట్టు' అనీ, 'పని' అని ఉన్నచోటల్లా 'ఆట' అనీ మార్చాను. పదకొండు పేజీలు వచ్చింది. 'నాట్‌విత్‌స్టాండింగ్' అనే మాట అందులో చాలాచోట్ల ఉంది. అర్థం తెలియలేదు గానీ చూడటానికి ఎంత బాగుందో, తీసేయడానికి చేతులు రాలేదు. పని జరుగుతుండగా తీసిన ఫొటోలు, వీడియోలన్నీ కాంట్రాక్టరువే అనే షరతు ఒకటుంటే, దాన్ని నా సొంత తెలివితో ఇంకాస్త బిగించాను: జట్టు లీగ్ వదిలిపోయినా సరే, మూడు సీజన్ల దాకా అది ఎక్కడ ఆడినా ఆ వీడియో లీగ్‌దే. "తమ్ముడు రాసిండు గద" అని ఐదుగురు కెప్టెన్లూ చదవకుండా సంతకాలు పెట్టేశారు.

రెండు నెలలు గడిచాక ఐన్ ఖాలిద్ అనే పేట నుంచి ఒక సార్ వచ్చారు. అక్కడ కుటుంబాలతో ఉండే మనవాళ్లు ఇంకో లీగ్ నడుపుతున్నారు, ఆయన దానికి పెద్ద. "మీ జట్టు ఆట లైవ్‌లో చూశామండీ. మా లీగ్‌లోకి వచ్చేయండి. ఏసీ హాలు, చెక్క ఫ్లోరు, అన్నీ ఉన్నాయి," అన్నారు. అప్పటి నుంచి ఆయన మాకు ఏసీ సార్. ఎర్రటి ఎండలో, ఇసుకలో ఆడేవాళ్లకు ఏసీ అనేసరికి మతి పోయింది. లిఫ్టర్ అన్న ఒక్కటే అడిగాడు. "సార్, లైవ్ ఉంటదా?" "రెండు కెమెరాలండీ, అటొకటి ఇటొకటి." "రెండా!" అన్నాడు అన్న. వెళ్దామనేవాళ్లు చేతులెత్తమంటే అందరికంటే ముందు అతని చెయ్యే లేచింది. (నేనూ ఎత్తాను. జట్టులో నేను లేనన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.)

ఫోర్‌మన్ కాకకు కోపం నషాళానికంటింది. మెస్‌లో పంచాయితీ పెట్టాడు. "పోతె పోరి. ఏసీల కూసోరి. లైవ్ మాత్రం మాది. కాయితం సూడురి!" అని నా పదకొండు పేజీలూ బల్ల మీద కొట్టాడు. ఏసీ సార్ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. నా జీవితంలో నా రచనను అంత శ్రద్ధగా చదివిన మనిషి ఆయనొక్కరే. తొమ్మిదో పేజీలో ఆగి, "ఒక సందేహమండీ," అన్నారు. "రెండు మీటర్లకు పైన పనిచేసేవాళ్లు, అదే, ఆడేవాళ్లు, హెల్మెట్టూ సేఫ్టీ బెల్టూ పెట్టుకోవాలని ఉందిక్కడ. మరి నెట్టు ఎత్తు రెండు మీటర్ల పైనే కదా. మీ ఆటగాళ్లు ఏ రోజైనా బెల్టు కట్టుకుని ఎగిరారా? లేదంటే ఈ అగ్రిమెంటు మొదటి రోజే చెల్లకుండా పోయినట్టే." కాక బిత్తరపోయాడు గానీ లొంగలేదు. "చెయ్యి పైకి పోతది గని మనిషి పోడు గద సార్!" అన్నాడు. ఎత్తు కొలవాల్సింది పాదాల దగ్గర్నుంచా చేతుల దగ్గర్నుంచా అన్న వాదన గంటసేపు నడిచింది. చివరికి ఏదీ తేలలేదు. మీ పేజీలో లైవ్ వస్తే వీడియో దొంగతనమని కంప్లైంట్ పెడతామని ఒకరినొకరు బెదిరించుకుని ఇద్దరూ లేచిపోయారు. నేను తలదించుకుని కూర్చున్నాను. లిఫ్టర్ అన్న పక్కకొచ్చి కూర్చున్నాడు. "గిదంత నువ్వే రాసినవా తమ్మీ?" తలూపాను. కోప్పడితే బాగుండేది. "అయితే శుక్రారం లైవ్ ఉంటదా?" అని మాత్రం అడిగాడు. "ఎందుకుండదన్నా, ఉంటుంది," అన్నాను. ఉండదని నాకు తెలుసు.

శుక్రవారం కొత్త హాలులో మొదటి ఆట. ఏసీ చల్లగా తగులుతోంది, ఫ్లోరు అద్దంలా మెరుస్తోంది. అన్న కొత్త క్షవరంతో వచ్చి, రెండు కెమెరాల్లో ఏది ఇంటికి కనిపిస్తుందో అడిగి తెలుసుకుని, దానివైపు నిలబడ్డాడు. పది నిమిషాలు కాకముందే లైవ్ ఆగిపోయింది. కాక కంప్లైంట్ పెట్టాడు, ఏసీ సార్ మనుషులు తిరిగి పెట్టారు, రెండు పేజీలూ మూతపడ్డాయి. ఆ మాట తెలిశాక అన్న చేతుల్లో బంతి నిలవలేదు. ఒక బంతి రెఫరీ మీదికే ఎత్తాడు. నేను బెంచీ మీద అందరి ఫోన్లూ వాచీలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా ఇంగ్లీషును నేనే తిట్టుకున్న రోజు అది. అంతలో అన్న ఫోన్ మోగింది. తెర మీద 'ఇల్లు' అని ఉంది. పాప అయ్యుంటుందనుకుని ఎత్తి హలో అన్నాను.

"ఎవరు? కామెంట్రీ తమ్మీవా?" అంది ఒక ఆడగొంతు. అవునన్నాను. "లైవ్ ఎందుకు బందైంది? ఆయనకేమైంది? కాలిరిగిందా? ఇంకేమన్ననా? నా తోని దాయకు తమ్మీ, నిజం జెప్పు." వందల మందికి వినపడేలా వాగేవాణ్ణి, "ఏం కాలేదు వదినా, ఏం కాలేదు" అని రెండు ముక్కలు గొణిగి, ఫోన్ పట్టుకుని కోర్టులోకి పరిగెత్తాను. అవతలివాళ్ల సర్వీస్ గాల్లో ఉంది. "అన్నా, వదిన!" అని అరిచాను. బంతి అతని పక్కనే పడి దొర్లిపోయింది. రెఫరీ విజిల్ ఊదుతూనే ఉన్నాడు. అన్న ఫోన్ చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మాకు వినపడింది ఇంతే: "ఆ... నేనే. మంచిగనే ఉన్న. తిన్న. ఉన్న గదనే, ఈడ్నే ఉన్న." తర్వాత అతని భుజాలు కదలడం కనిపించింది. అవతలి జట్టువాళ్లు బంతి పట్టుకుని ఊరికే నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ ఆట మేము చిత్తుగా ఓడిపోయాం.

ఆదివారం ఏసీ సారూ ఫోర్‌మన్ కాకా, రెండు పేజీలూ మూతపడేసరికి మెత్తబడ్డారు. కంప్లైంట్లు వెనక్కి తీసుకుని లైవ్ రెండు పేజీల్లోనూ పెట్టుకుందాం, కాగితం సంగతి మర్చిపోదాం అనుకున్నారు. అందరికీ సంతోషమే. లిఫ్టర్ అన్న మాత్రం నన్ను వాటర్ కూలర్ దగ్గరికి లాక్కెళ్లాడు. "తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. ఇంకొక్క వారం లైవ్ మాఫీ అని జెప్పు. కొట్లాట తెగలేదని జెప్పు. లైవ్ లేకుంటెనే ఫోన్ జేస్తది!" (అరబ్బీలో మాఫీ అంటే లేదు అని, గల్ఫ్‌లో అందరి నోటా అదే.) ఆ మధ్యాహ్నం నేను పదకొండు పేజీలూ తిరగేసి, నాకే అర్థంకాని ఒక పేరా పట్టుకుని, ఇది తేలకుండా లైవ్ పెట్టడం చాలా ప్రమాదమని ఇద్దరు పెద్దలనూ బెదరగొట్టాను. వారం రోజులు ఆగారు పాపం.

ఆ శుక్రవారం ఆట మొదలవకముందే వదిన ఫోన్ చేసింది. తర్వాత లైవ్ మళ్లీ మొదలైనా ఫోన్లు ఆగలేదు. వదిన ఫోన్లో తిట్టిన తిట్లన్నీ అన్న వచ్చి మురిసిపోతూ మాకు అప్పజెప్పేవాడు. నేను అలవాటు కొద్దీ మోకాలి కబురు ఏమైనా ఉందా అని అడిగితే, "ఇగ నా సంగతి వద్దు తమ్మీ. నువ్వు ఆట జెప్పు. మిగిలింది నేను జెప్పుకుంట," అన్నాడు. ఏడాది నిండగానే ఈసారి మాట తప్పకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు నేను కాంట్రాక్టులు రాసే ఉద్యోగమే చేస్తున్నాను. ఎంత వెతికినా నా కాగితాల్లో తప్పు దొరకదు, పై అధికారులు మెచ్చుకుంటారు. అయినా ఒక్కోసారి, అర్థం తెలియని మాటలన్నీ కుట్టి అంత పెద్ద తప్పు చేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కాస్త అసూయగా ఉంటుంది. వాడు పాడుచేసినంత అందంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేకపోయాను.