నిలువుగా గీసిన సూది

మా అత్తగారిని వీధిలో అందరూ భూతద్దం పిన్ని అంటారు. నగల్లో రాళ్లు పొదగడం ఆవిడ పని. ముక్కు మీద కోపం, మెడలో భూతద్దం, ఈ రెండూ లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు లేరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా వంటలో పంటికింద రాయి తగిలితే, దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూసి, "జాతిరాయి కాదులే" అని కంచం పక్కన పెట్టింది. నాకు ఒళ్లు మండింది గానీ నవ్వు కూడా ఆగలేదు.

మా కొట్టంటే ఇంటి ముందు గదే. కిటికీ కింద అత్తగారి బల్ల, దాని మీద వంపు మెడ దీపం, ఆకురాళ్లు, పట్టకార్లు, చెక్కపిడికి బిగించిన ఉక్కు సూది. ఎదురుగా నా బల్ల. నేను పాత నగలకు మెరుగు పెడతాను, వచ్చినవాళ్లతో మాట్లాడతాను. ఆవిడకు రాళ్లతో ఓపిక ఎక్కువ, మనుషులతో తక్కువ.

ఆ ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చినరోజు కొట్టు కిటకిటలాడుతోంది. అక్క ఒంటరిది. మంచాన పడ్డ తల్లికి చివరిదాకా సేవ చేసింది. చేతులకు రెండు బంగారు మురుగులు, కదిలినప్పుడల్లా మోగుతున్నాయి. చెల్లెలు దర్జీ కొట్టు నడుపుతుంది. తల్లి పోతూ తన ఉంగరం చెల్లెలికి ఇమ్మందట. నిడుపాటి నీలిరాయి ఉన్న ఉంగరం.

"నా వేలికి వదులుగా ఉంది పిన్నిగారూ, కాస్త బిగించండి. రాయి జాగ్రత్త, జాతి నీలం. మా నాన్న అమ్మకి ఏరి కొన్నాడు" అంది చెల్లెలు. నాన్న అన్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

పక్కన నిలబడ్డ ఒకావిడ ఊరుకోలేదు. "నిజంగా నీలమేనా? ఎలా తెలుస్తుంది?" అంది.

అంతే, మా అత్తగారికి హుషారొచ్చింది. నలుగురు చూస్తుంటే ఆవిడకు చెయ్యి ఊరుకోదు. రాయి మీద నోటితో ఆవిరి పట్టింది. జాతిరాయి చల్లగా ఉంటుంది, దాని మీద ఆవిరి చప్పున విడిపోతుంది. ఇది విడిపోలేదు. ఏళ్ల తరబడి వేలి జిడ్డు పట్టిన రాయి మీద ఆవిరి నిలవదూ? ముందు కడగాలి. కడగలేదు. భూతద్దం మెడలోనే ఉంది, కంటికి పెట్టలేదు. సూది తీసుకుని రాయి అంచున, కనబడనిచోట, పొడుగు వెంబడి ఒక్క గీత గీసింది. తెల్లగా గీత పడింది.

"నీలాన్ని సూది గీయలేదమ్మా. ఇది గాజు" అంది, అందరికీ వినబడేలా.

చెల్లెలు ఉంగరాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కుంది. "మా నాన్న అమ్మకి గాజుముక్క ఇచ్చాడా? నీలమని చెప్పి?"

అప్పుడు అక్క నోరు విప్పింది. "నాన్న నీలమే కొన్నాడే. నేనే మార్పించాను. అమ్మ మందులకి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, ఇలా కాయను నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లుంటారని నాకేం తెలుసు? మనసులో నాలుగు తిట్టుకున్నాను కూడా. చెల్లెలు ఉంగరాన్ని బల్లమీదికి విసిరి, "దొంగవి! ఇక నాకు అక్క లేదు" అని వెళ్లిపోయింది. అక్క ఉంగరం ఏరుకుని, మాకు దండం పెట్టి మరీ వెళ్లింది.

ఎండలు పోయి చలి వచ్చింది. ఒక మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు అక్క ఒక్కతే వచ్చింది. ఉంగరం, చిన్న కాగితం పొట్లం బల్లమీద పెట్టింది. పొట్లంలో జాతి నీలం. సందేహం లేకుండా నీలమే.

"ఆ గాజు తీసేసి ఇది పొదగండి పిన్నిగారూ. చెల్లెలికి పంపిస్తాను" అంది. మాట్లాడుతూ చేతులు కదిలించింది గానీ ఏమీ మోగలేదు. నేను చూశాను, అత్తగారూ చూసింది.

రాయి తీయాలంటే చుట్టూ ఉన్న పలుచని బంగారపు అంచును ఎత్తాలి. ఇదివరకు ఎవరైనా ఎత్తి ఉంటే అక్కడే ఎత్తడం పద్ధతి, లోహం తక్కువ దెబ్బతింటుంది. అత్తగారు భూతద్దం పెట్టి ఆ చోటు కోసం వెతికింది. ఉంగరాన్ని ఒక చుట్టు తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఈ అంచు ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. మరి నువ్వు రాయి ఎలా మార్పించావమ్మా?"

అక్క నేల చూపులు చూసింది. "పని బాగా తెలిసినవాళ్లు చేశారు."

"ఎంత తెలిసినా మచ్చ పడుతుంది. నేను చేసినా పడుతుంది."

అత్తగారు రాయిని సబ్బునీళ్లతో తోమింది. భూతద్దంతో లోపలికి చూసింది. గాజులో ఉండే గాలిబుడగలు లేవు. పొడుగునా సన్నని పోగులున్నాయి, చీల్చిన కట్టెలో ఉన్నట్టు. సూది తీసుకుని ఈసారి అడ్డంగా గీసింది. సూది జారిపోయింది. గట్టిగా నొక్కింది. జారిపోయింది. గాజు ఎటు గీసినా ఒకటే. ఇలా నిలువున మెత్తగా, అడ్డంగా గట్టిగా ఉండే నీలిరాయి ఒకటుంది, కయనైట్ అంటారు. ఆవిడకు తెలియని రాయి కాదు.

ఆవిడ సూది కింద పెట్టింది. "ఇది గాజు కాదమ్మా. నీలమూ కాదు, కానీ భూమిలో పుట్టిన రాయే. మీ నాన్న ఇచ్చింది ఇదే."

అక్క ఉంగరం మీదికి వంగింది. "అయితే నాన్న... అమ్మని మోసం చేయలేదా?"

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్లూ తండ్రి గాజే ఇచ్చాడని నమ్మి, ఆ నిందను తను మోసింది ఈ మనిషి.

"చేయలేదు. నీలమనుకునే కొన్నాడు, నాలాగే పొరబడ్డాడు" అంది అత్తగారు. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నలుగురి ముందు గొప్పకి పోయి మీ ఇద్దర్నీ విడదీశాను. నీ చెల్లెలికి చెప్పొస్తాను."

"వద్దండీ, అది తట్టుకోలేదు" అని అక్క బతిమాలుతూనే ఉంది. ఆవిడ చెప్పులేసుకుని దర్జీ కొట్టుకు వెళ్లిపోయింది. కాసేపటికి చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల మెడలో కొలతల టేపు కూడా తీయలేదు.

"ఎందుకే అలా చెప్పావు?" అంది గుమ్మంలోంచే.

"నామీద కోపం ఎప్పటికైనా పోతుందిలే అనుకున్నాను. నాన్న మీద నమ్మకం పోతే మళ్లీ రాదు కదే."

"తప్పంతా నాదమ్మా" అంది అత్తగారు.

"మీరు గాజన్నారు పిన్నిగారూ. దొంగన్నది నేను" అని చెల్లెలు ఉంగరం కోసం బల్ల మీదికి చెయ్యి చాపింది. విప్పి ఉన్న పొట్లం కనబడింది. "ఇదెవరిది?"

అత్తగారే, "నీలం. నీ ఉంగరంలో పెట్టమని మీ అక్క తెచ్చింది" అంది.

చెల్లెలు ఇంకేదో అడగబోయింది. అక్క చప్పున చేతులు కొంగు కిందికి లాక్కుంది. చెల్లెలు దగ్గరికెళ్లి, కొంగు తప్పించి, ఆ రెండు చేతులూ బయటికి తీసింది. బోసి చేతులు. మురుగులు ఒరుసుకున్న మచ్చలు మాత్రం మణికట్ల మీద ఇంకా ఉన్నాయి. ఆ చేతుల్లో మొహం పెట్టుకుని చెల్లెలు ఏడుస్తుంటే, మా అత్తగారు మెడలోంచి భూతద్దం తీసి బల్లమీద పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.