ఎడమ చేతి చెంచా

పాత చెంచాలు పోగు చేసే పిచ్చి నీకెట్లా పట్టిందని నన్ను చాలామంది అడిగారు. గొప్ప కారణమేమీ లేదు. పెళ్లయిన కొత్తలో గిద్దలూరు సంతకు పోతే, పాత ఇనుము అమ్మే సాయిబు పరిచిన గోనెపట్ట మీద తుప్పు పట్టిన గొళ్లేలు, ఎద్దుల లాడాలు, తాళంకప్పల మధ్య ఒక చెంచా కనిపించింది. చేతికి తీసుకుంటే బరువుగా ఉంది. కాడ మీద తీగ, తీగకు ఆకులు, ఆకులకు ఈనెలు కూడా చెక్కి ఉన్నాయి. అన్నం నోట్లో పెట్టుకునే వస్తువు మీద ఎవరో మనిషి ఓపిగ్గా కూర్చుని ఈనెలు గీశాడే అనిపించింది. నేను దాన్ని కింద పెట్టలేకపోవడం సాయిబు చూశాడు.

"తీసుకపో బిడ్డా. అది కరిగించేదానికి గూడా పనికిరాదు" అన్నాడు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లుంటాయి. మార్కాపురం మిషన్ బడిలో చదువుకుని, గిద్దలూరులో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పేదాన్ని. మా తాలూకాలు కర్నూలు జిల్లాలో, జిల్లా మద్రాసు కింద ఉన్న రోజులవి. మా ఆయన రైల్వేస్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. స్టేషను పక్కనే ఒంటిగది క్వార్టర్స్. రైలు వచ్చినప్పుడల్లా మా ఇంటి గిన్నెలు గలగలమనేవి.

మూడేళ్లలో నా దగ్గర ఇరవైకి పైగా చెంచాలు చేరాయి. సంతలో కొన్ని దొరికాయి. బదిలీ మీద పోయే ఆఫీసర్ల వంటవాళ్లు కొన్ని ఇచ్చారు. మా ఆయన నన్ను ఎగతాళి చేస్తూనే, గార్డులతో చెప్పి నంద్యాల నుంచి ఒకటి, గుంటూరు నుంచి రెండు తెప్పించాడు. చెంచాలతో ఆగలేదు. అంచు పెచ్చు లేచిన నీలంపూల పింగాణీ సూపు పళ్లెం ఒకటి, ఎవరి తాతమ్మదో కంచు గరిటె, అన్నం వడ్డించే ఇత్తడి హస్తం కూడా చేరాయి. ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చాక అన్నిటినీ చింతపండు, బూడిద పెట్టి తోమి, పాత చీరపేలికలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టుకునేదాన్ని. వాటితో మేము తిన్నది లేదు. చూసుకోవడమే.

మా అత్త వెలిగండ్ల దగ్గర పల్లెలో ఉండేది. మామ పోయినా ఊరు వదల్లేదు. కలుపుకు, కోతకు పోయి తన కూలి తాను సంపాదించుకునే మనిషి. ఏడాదికి రెండుసార్లు సజ్జల మూట నెత్తిన పెట్టుకుని కొడుకును చూడటానికి వచ్చేది. మొదటిసారి నా పెట్టె తెరిచి చూపిస్తే బుగ్గన వేలేసుకుంది.

"ఏందే పిల్లా ఇది? దేవుడు చేతికి అయిదు చెంచాలు ఇచ్చినాడు గదా. ఇంకా ఈ ఇనప చెంచాలు ఎందుకే నీకు?"

"ఊరికే అత్తా. బాగుండాయని."

"బాగుండేటివి చెట్లకు పూస్తాయి. పో, పోయి చూడు పో."

ఆ మాటలో కోపం లేదు. ఆమె మాటే అంత.

ఆ మరుసటి ఏడు వానలప్పుడు చేలో కలుపు తీస్తూ తీస్తూ అత్త పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మా ఆయన పోయి బండిలో స్టేషనుదాకా, అక్కణ్నుంచి రైల్లో మా ఇంటికి తెచ్చాడు. మాట నాలుగు రోజులు ముద్దముద్దగా వచ్చి తర్వాత తేటపడింది. కాలు కూడా కొంచెం కొంచెం నిలబడేదాకా వచ్చింది. చెయ్యి మాత్రం ఒళ్లో పడేసిన గుడ్డలాగా ఉండిపోయింది.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. నేను ముద్ద కలిపి నోటికి అందిస్తే మూడు ముద్దలు మింగి మొహం తిప్పుకునేది. కొడుకు పెట్టినా అంతే. "చాలు నాయనా, ఆకలి లేదు" అనేది. జొన్న సంగటి అంత ముద్ద తిని సాయంత్రం దాకా ఎండలో వంగిన మనిషికి ఆకలి లేకపోవడమేమిటి? పది రోజుల్లో గూడల ఎముకలు తేలాయి.

ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఎడమ చేత్తో తిను అత్తా. ఎవురు చూస్తారు?" అన్నాను.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కడుక్కునే చెయ్యి అది. ఆ చేత్తో అన్నం ముట్టుకోమంటావా? నేను ఒకరి చేత పెట్టించుకోనూ లేను, ఆ చేత్తో తిననూ లేను. దేవుడు నన్ను తొందరగా పిలిస్తే మేలు."

ఆమె ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. మామ చచ్చిపోయినప్పుడు కూడా పదిమందికి తనే వండి పెట్టిందట.

ఆ మధ్యాహ్నం పెట్టె తీశాను. చెంచాతో తింటే చెయ్యి అన్నాన్ని తాకదు గదా అనిపించింది. ఒక పెద్ద చెంచా తీసి కడిగి, సంగటీ పప్పూ పెట్టిన పళ్లెంతో సహా ఆమె ముందు పెట్టాను. "దొరల పుల్లలతో నేను తినను, తీసెయ్" అంది. నేను తియ్యలేదు. ఇంకో పళ్లెం పెట్టుకుని ఎదురుగా కూర్చుని, నేనే ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినడం మొదలుపెట్టాను. అదేమో సులువనుకున్నాను. మొదటి చెంచా గడ్డానికి తగిలింది. రెండోది ఒళ్లో పడింది. మూడోది నోటిదాకా వచ్చి బోర్లా పడింది.

అత్త కాసేపు చూసింది. తర్వాత పక్కకు లాగిన మూతితోనే నవ్వింది. "నీ మొగం మండ! కోళ్లకు గింజలు చల్లినట్టు చల్లుతుండావే. ఇట్ల తే."

తీసుకుంది. తిప్పలు పడింది. పళ్లెం చదునుగా ఉండటంతో సంగటి అంచు దాటి జారిపోయేది. నీలంపూల సూపు పళ్లెం తెచ్చి పెట్టాను. దాని అంచు లోతుగా ఉంది కాబట్టి జారడం తగ్గింది. కానీ అడుగున ఉన్నది మాత్రం చెంచాకు ఎక్కడం లేదు. ఎన్ని చెంచాలు మార్చినా అదే వరస. "ఇది నాతో కొట్లాడుతుందే" అని విసుక్కుని వదిలేసేది.

ఎందుకట్లా అవుతుందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెంచాలన్నీ చాప మీద వరసగా పేర్చి చూస్తుంటే, పాతవాటిలో ప్రతిదాని మొనా ఎడమ పక్క అరిగి ఉంది. ఇన్నేళ్లూ వాటిని తోముతూ అది వాటి ఆకారమే అనుకున్నాను. కుడి చేత్తో తినేవాళ్లు ఏళ్ల తరబడి గీకి గీకి ఆ పక్కే అరగదీశారు. అరిగిన అంచు పళ్లేనికి చక్కగా అతుక్కుంటుంది. ఎడమ చేతిలో పెడితే అరగని పక్క, గుండ్రటి మొన, పళ్లేనికి తగులుతుంది. నాకు కావలసింది ఎడమచేతి వాటం మనిషి తిన్న చెంచా. నా ఇరవైలో అట్లాంటిది ఒక్కటీ లేదు.

ఆ వారమే దొనకొండలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంట్లో సామాన్లు అమ్ముతున్నారని మా ఆయన కబురు తెచ్చాడు. ఇంటామె భర్త, ఇంజను డ్రైవరు, చనిపోయాడు. ఆమె మద్రాసులో చెల్లెలి దగ్గరికి పోతుందట. శనివారం పాసు మీద రైలెక్కి పోయాను. రైల్వే కాలనీలో పెంకుటిల్లు. వరండాలో కుర్చీలు, లాంతర్లు, గాజు గిన్నెలు. నలుగురైదుగురు బేరాలాడుతున్నారు. నేను చెంచాల సొరుగు ముందు కూర్చుని ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి మొన చూస్తున్నాను.

ఇంటామె గళ్ల గౌనుతో, నెరిసిన జుట్టుతో వచ్చి నా పక్కన నిలబడింది. ఇన్నేళ్లు ఇక్కడే ఉండటంతో తెలుగు బాగానే వచ్చు.

"ఏమి చూస్తాండావు? వెండో కాదో చూస్తాండావా?"

"లేదు దొరసానమ్మా. ఎడమ చేత్తో తిన్న చెంచా ఏమన్నా ఉండాదేమో అని" అన్నాను. అత్త సంగతి చెప్పాను. నేను తినబోయి ఒళ్లో పోసుకున్నదీ చెప్పాను.

ఆమె గిర్రున తిరిగి లోపలికి పోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. చాలాసేపటికి ఒక చెంచాతో వచ్చింది. మొన కుడి పక్క ఏటవాలుగా అరిగి ఉంది.

"మా ఆయన ఎడమచేతి వాటం. ముప్పై ఏళ్లు దీంతోనే తిన్నాడు. వేరేది ఇస్తే తినడు. డ్యూటీకి పోయినప్పుడు గూడా టిఫిను డబ్బాలో ఇదే పెట్టేదాన్ని." చెంచాను గౌను అంచుతో తుడిచింది. "ఇది అమ్మేదానికి పెట్టలేదు."

"అయితే వద్దు దొరసానమ్మా. మీరే ఉంచుకోండి."

"ఉంచుకుని ఏం చేస్తాను? చూసుకుని ఏడుస్తాను." నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది. "డబ్బులొద్దు. ఆమె తిన్నదో లేదో నాకు చెప్పాల. నేను క్రిస్మస్ దాకా ఇక్కడే ఉంటాను."

ఇంటికొచ్చి ఆ చెంచాతో కొర్రన్నం, గోంగూర పప్పు పెట్టాను. అత్త మొదటి రోజు సగం తింది. రెండో వారానికి పళ్లెం అడుగు కనిపించేట్టు తింది. తిన్నాక చెంచాను తనే కడిగి, తుడిచి తలగడ కింద పెట్టుకునేది. కడుపు నిండే సరికి మాటకు బలం వచ్చింది, కాలికీ వచ్చింది. కర్ర పట్టుకుని గడప దాటింది. మా ఆయన ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె బయట కూర్చుని, "ఎంతసేపురా? సంగటి చల్లారిపోతాంది" అని అరిచింది. ఆయన గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

దొనకొండకు ఉత్తరం రాస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "ఉత్తరమేందే? తిన్నదాన్ని నేను. నేనే పోయి చెప్తా" అంది. నాతో నువ్వుల ఉండలు చేయించి సంచిలో పెట్టించింది. క్రిస్మస్‌కు వారం ముందు ముగ్గురం రైలెక్కాం.

ఆ ఇంట్లో బల్ల ఒకటి, కుర్చీలు నాలుగు మాత్రమే మిగిలాయి. దొరసానమ్మ అన్నం, కోడికూర వండింది. అత్త జన్మలో బల్ల ముందు కూర్చోలేదు. కూలికి పోయిన ఇళ్లల్లో ఆమెకు వసారా బయటే పెట్టేవాళ్లు. కుర్చీ చూసి నేల మీద చతికిలబడబోతే దొరసానమ్మ రెక్క పట్టుకుని లేపి కూర్చోబెట్టి, పక్క కుర్చీలో తను కూర్చుంది. అత్త సంచిలోంచి చెంచా తీసి తినడం మొదలుపెట్టింది. ఒక్క మెతుకు పడలేదు. దొరసానమ్మ తన అన్నం సంగతి మరిచిపోయి ఆ చేతినే చూస్తూ ఉంది.

"ఆయన గూడా అట్లనే. చివర్లో గీకి, మెతుకు వదలకుండా తినేవాడు" అంది.

"మంచి మనిషి అయ్యుంటాడు వదినా. అన్నం విలువ తెలిసినోడు" అంది అత్త.

వదినా అన్న మాటకు ఆమె నవ్వింది. నవ్వుతూనే ఇంకో గరిటె కూర అత్త పళ్లెంలో వేసింది. పోయేటప్పుడు ఇద్దరూ వాకిట్లో చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. మద్రాసు పోయాక ఆమె దగ్గర్నుంచి ఏటా క్రిస్మస్‌కు కార్డు వచ్చేది. అత్తకు నేను చదివి వినిపించేదాన్ని.

ఎండాకాలం ముందే అత్త తన ఊరికి పోతానంది. మేము వద్దన్నాం. "నా చేత్తో నేను తింటాండా. ఇంక మీ ఇంట్లో ఏం పని నాకు?" అని బయలుదేరింది. కలుపుకు పోలేకపోయినా, చేలకు పోయే తల్లుల పసిపిల్లలను కనిపెట్టుకుని ఉండేదట. మధ్యాహ్నం కూలోళ్లు సద్ది మూటలు విప్పితే వాళ్ల మధ్యనే కూర్చుని చెంచాతో తినేదట. మొదట్లో నవ్వినవాళ్లు తర్వాత నవ్వడం మానేశారట.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున ఆ ఊరి గొర్రెల కాపరి ఒకాయన మా ఇంటికొచ్చాడు. భుజాన కంబళి, కుడి చేతికి మణికట్టు దగ్గర గుడ్డ చుట్టి ఉంది. బండి చక్రం కింద పడి వేళ్లు పోయాయని చెప్పాడు.

"మీ అత్త పంపించినాదమ్మా. మా కోడలి కాడ చెంచాలుండాయి, పోయి అడుగు అన్నాది. నీకు సిగ్గేందిరా, నేను తినడం లేదా అని తిట్టింది గూడా."

నా పెట్టెలో ఎడమచేతి చెంచా ఇంకొకటి లేదు. మా ఆయన కాసేపు ఆలోచించి, కొడవళ్లు నూరే రాయి తెచ్చి గడప దగ్గర పెట్టాడు. "కుడి పక్క మనమే అరగదీస్తే సరిపోదా?" అన్నాడు. ఇంత చిన్న సంగతి అంతకు ముందు మా ఇద్దరికీ ఎందుకు తట్టలేదో! అత్త తిండి మానేసిన రోజుల్లో మా బుర్రలు పనిచేశాయి గనకనా?

చెంచాలన్నీ చాప మీద పరిచి, "నీకు పట్టు కుదిరేది చూసుకో మామా" అన్నాను. ఆయన ఎడమ చేత్తో ఒక్కొక్కటీ ఎత్తి చూసి, లావు కాడ ఉన్నది ఎంచుకున్నాడు. మా ఆయన రాయి మీద నీళ్లు చల్లి నూరడం మొదలుపెట్టాడు. నేను పొయ్యి మీద సంగటి పెట్టాను, చెంచాను పరీక్షించి చూడాలి గదా అని.