మాది కాదన్న పిల్లి

మా అత్తమ్మకు పిల్లులంటే ఇష్టమని ఎవరైనా అంటే ముందు ఆవిడే ఒప్పుకోదు. అమ్మకు కుక్కలంటే భయం, పిల్లులంటే చిరాకు, మనుషులంటే అనుమానం అని మా ఆయన నవ్వుతూ చెబుతుంటాడు. ఆవిడ పట్టింపల్లా అన్నం దగ్గరే. తెనాలి నుంచి అమెరికాలో మేముండే చాండ్లర్ వచ్చిన రెండో రోజున, నేను గిన్నెలో మిగిలిన అన్నాన్ని సింకులో వేసి, దాన్ని నలిపేసే మిషన్ తిప్పబోతుంటే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏందమ్మా ఆ పని? ఏదన్నా జీవం తింటది గదా!"

"ఇక్కడ జీవాలు రావు అత్తమ్మా."

మర్నాడే వచ్చింది. బూడిదరంగు పిల్లి, డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. అప్పటినుంచి రోజూ పదకొండున్నరకు, తన భోజనం అయ్యాక, ఒక ముద్ద పెరుగన్నం స్టీలు మూతలో పెట్టి గరాజు పక్కన నీడలో ఉంచేది. అది తింటున్నంతసేపూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తిట్టేది. "నెమ్మదిగా తినవే, నిన్నెవరూ తరమట్లా." అది అక్టోబరు. జనవరి వచ్చేసరికి పిల్లి ఆవిడ కాళ్ళ దగ్గరే పడుకుంటోంది. నేను కనబడితే మాత్రం కారు కిందికి దూరేది. ఇంత జరిగినా అత్తమ్మ దానికి పేరు పెట్టలేదు, "మన పిల్లి" అని ఒక్కసారి కూడా అనలేదు. నేనూ అనుకోలేదు.

మార్చిలో ఒక మంగళవారం, నేను ఇంట్లోనే ఆఫీసు మీటింగులో ఉండగా వాకిట్లో కుక్క అరుపు, దాని మీద అత్తమ్మ కేక వినిపించాయి. పరుగెత్తాను. రెండిళ్ళ అవతల ఉండే పెద్దాయన, రిటైరైన టీచరు, రోజూ తన నల్ల కుక్కను మా ఇంటి ముందు నుంచే నడిపిస్తాడు. ఆ రోజు అది పట్టు విడిపించుకుని అన్నం మూత మీదికి వచ్చింది. పిల్లికి వెనక గోడ, ముందు కుక్క. పారిపోయే దారి లేక కుక్క ముఖం మీదికే ఎగిరింది. ఆయన వంగి విడదీయబోతే పిల్లి ఆయన చెయ్యి కొరికింది. నేను చేరేసరికి పిల్లి లేదు. కుక్క ముక్కు మీద రక్తం, ఆయన మణికట్టు దగ్గర రక్తం.

అత్తమ్మ లోపలికి పోయి గుప్పెట్లో పసుపు తెచ్చి ఆయన చేతికి అద్దబోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

"అది మీ పిల్లా?" అన్నాడు ఇంగ్లీషులో.

"కాదు కాదు, మాది కాదు" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రెండుసార్లు చెప్పాను.

అబద్ధమేం కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మా ఖమ్మంలో అన్నం పెట్టినంత మాత్రాన పిల్లి మనదైపోదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో తిన్న పిల్లి పక్కింట్లో పిల్లలు పెట్టి, ఎదురింట్లో పాలు తాగేది. అది ఎవరిదని ఏ ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు బెల్లు మోగింది. జంతువుల ఫిర్యాదులు చూసే ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది, ఖాకీ ప్యాంటు, చేతిలో అట్ట. బయట ఆవిడ ట్రక్కులో బోన్లు కనిపిస్తున్నాయి. పెద్దాయన రాసిచ్చిన ఫిర్యాదు చదివి వినిపించింది. ఈ ఇంటివాళ్ళు పిల్లిని ఆరుబయట వదిలేసి, టీకాలు వేయించకుండా, ఆలనాపాలనా లేకుండా ఉంచుతున్నారు; అది నా కుక్క మీద పడింది, నన్ను కరిచింది. ఇదీ దాని సారాంశం.

"దానికి తిండి పెడుతున్నదెవరు?" అని అడిగింది. "ఎందుకంటే, రోజూ తిండి పెట్టేవాళ్ళే యజమానులని మేం లెక్కవేస్తాం. యజమానులైతే టీకా లేనందుకు సైటేషన్ రాయాలి."

సైటేషన్ అంటే చట్టం తప్పారని రాసిచ్చే నోటీసు. గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసి కూర్చున్నాం. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీకు సైటేషన్ ఇచ్చారా అని. చిన్నదైనా పెద్దదైనా ముందు మాకు చెప్పండి అని లాయరు ఆఫీసు నుంచి వారం కిందటే ఈమెయిల్ వచ్చింది. మా ఆయనకు ఫోన్ చేద్దామంటే ఆయన కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉన్నాడు. దుమ్ము చేరకుండా తెల్ల సూటు వేసుకుని లోపలికి వెళ్ళేముందు ఫోను లాకర్లో పెట్టేస్తారు. ఒంటిగంట దాకా దొరకడు.

"నాకు తెలీదు" అన్నాను.

ఆఫీసరు నా వెనక నిలబడ్డ అత్తమ్మను చూసింది. "ఆవిణ్ణి అడుగుతారా?"

అడిగాను. అత్తమ్మ ఏమీ దాచలేదు. "చెప్పమ్మా, అక్టోబరు నుంచి రోజూ నేనే పెడుతున్నా. దాని జోలికి పోతే తప్ప అది ఎవర్నీ ఏమీ అనదు. ఆ కుక్కే మీదపడింది, నేను కళ్ళారా చూశా. ఆలనాపాలనా లేదంటాడా? వచ్చినప్పుడు దాని డొక్కలు చూశాడా ఆయన?"

నేను ఆఫీసరు వైపు తిరిగి, "ఆ పిల్లిని ఎప్పుడూ చూడలేదంటోంది" అన్నాను.

అంత పొడుగు మాట ఇంత పొట్టిగా ఎలా అయిందని ఆమెకు అనుమానం వచ్చే ఉంటుంది. అయినా రాసుకుంది.

"మరి యజమాని లేకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"మనిషిని కరిచింది కాబట్టి రేబిస్ లేదని తేలాలి. యజమాని ఉంటే మా జంతువుల షెల్టర్‌లో పది రోజులు ఉంచి చూస్తాం. బాగుంటే ఇంటికి పంపేస్తాం. ఎవరూ లేకపోతే ల్యాబుకి పంపుతాం. మెదడు తీసి చేసే పరీక్ష అది. బతికున్న జంతువుకు చెయ్యడం కుదరదు."

"ఏమంటోందమ్మా?" అంది అత్తమ్మ.

"టీకా వేస్తారట. వేసి వదిలేస్తారట."

ఆ మాట ఎందుకన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆవిడ గోల చేస్తుందని భయం, అంతే. ఆ నిమిషం గడిస్తే చాలనుకున్నాను. పిరికితనానికి ఇంతకన్నా మంచి పేరు దొరకలేదు.

ఆఫీసరు బోనులో చేపముక్కలు పెట్టి గరాజు పక్కన ఉంచింది. పిల్లి కారు కింద టైరు వెనక కనబడుతూనే ఉంది గానీ కదల్లేదు. పది నిమిషాలైంది. రాకపోతే బాగుండు, గోడ దూకి పోతే బాగుండు అని నేను లోపల మొక్కుకుంటున్నాను. అత్తమ్మకు మాత్రం ఓపిక పోయింది.

"చేపలు పెడితే వస్తదా అది? పెరుగన్నమైతేనే ముట్టుకుంటది" అని లోపలికి పోయి ముద్ద కలుపుకొచ్చింది. మూత కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, నాలుకతో చప్పుడు చేసింది. పిల్లి టైరు వెనక నుంచి వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళకు ఒళ్ళు రాసుకుంది. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తింది.

"అత్తమ్మా" అన్నాను.

"ఒక్క సూది, అంతేనే. చీమ కుట్టినట్టుంటది. సాయంత్రానికి వచ్చేస్తావు" అని దానికి చెబుతూ బోనులో పెట్టింది. అది పెనుగులాడలేదు.

ఆఫీసరు గడియ వేసింది. స్టీలు మూతను చూసింది, అత్తమ్మను చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఎప్పుడూ చూడలేదన్నారు" అంది మెల్లగా. నా చేతిలో కార్డు పెట్టింది. "రేపు నాలుగింటికి ల్యాబు బండి బయల్దేరుతుంది. ఆ లోపల దీని యజమాని ఎవరైనా వస్తే ఆపడం నా చేతిలో ఉంటుంది. తర్వాత ఉండదు."

ఒంటిగంటకు మా ఆయన ఫోన్ చేస్తే అంతా చెప్పాను.

"నీకేమన్నా పిచ్చా? ఇన్నేళ్ళు లైన్లో నిలబడి, ఇప్పుడు పిల్లి కోసం రిస్క్ చేస్తావా? సైలెంట్‌గా ఉండు. అమ్మకు తర్వాత ఏదో ఒకటి చెబుదాం."

ఆయన మీద మండిపడ్డాను. నేను లోపల అనుకుంటున్నదే ఆయన బయటికి అన్నాడు, అందుకే అంత మంట.

సాయంత్రం అత్తమ్మ రెండుసార్లు వాకిలి తీసి చూసింది. "రేపు పంపిస్తారట" అన్నాను. మర్నాడు పదకొండున్నరకు ఎప్పట్లాగే ముద్ద కలిపి, చీమలు పట్టకుండా మూత కింద నీళ్ళు పోసి, కుర్చీలో కూర్చుంది. నా పనిగది కిటికీలోంచి ఆవిడ వీపు కనబడుతోంది. పన్నెండయింది, ఒంటిగంటయింది. లేచి లోపలికి రాలేదు. స్క్రీన్ మీద ఏముందో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. రెండుంపావుకు లాప్‌టాప్ మూసి బయటికి వెళ్ళాను.

ఉన్నదంతా చెప్పాను. ఆఫీసరు ఏమందో, నేను ఏం మార్చానో, ఎందుకు మార్చానో, నాలుగింటికి ఏం జరుగుతుందో. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నా చేత్తో పెట్టానే దాన్ని" అంది. కాసేపు తన చేతుల వంక చూసుకుంది. "నన్ను నమ్మి వచ్చింది. నేను నిన్ను నమ్మి పెట్టా."

తర్వాత చీర మీద స్వెటర్ వేసుకుని వెళ్ళి కార్‌లో కూర్చుంది.

మామూలుగా అరగంట దారి. స్కూళ్ళు వదిలే టైం కావడంతో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగాం. మూడుంపావుకు ఇంకా సగం దారిలోనే ఉన్నాం. కార్డు మీది నంబరుకు చేస్తే మెసేజ్ పెట్టమంది, పెట్టాను. అత్తమ్మ ఎర్ర లైటు పడ్డప్పుడల్లా సీట్‌బెల్ట్ గట్టిగా పట్టుకునేది.

షెల్టర్‌లోకి అడుగుపెట్టేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "లోపల కనుక్కోవాలి" అని వెళ్ళిపోయింది. గోడ వెనక ట్రక్కు స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. అత్తమ్మ నా వైపు చూడలేదు, ఆ తలుపు వైపే చూస్తోంది.

తలుపు తీసుకుని నిన్నటి ఆఫీసరే వచ్చింది. చేతిలో ఫారం ఉంది.

"మెసేజ్ విన్నాను. ఇంకా ఇక్కడే ఉంది" అంది.

"ఉందట అత్తమ్మా" అన్నాను. ఆవిడ కౌంటరు పట్టుకుని నిలబడింది. ఏడ్చింది నేనే.

యజమాని పేరు దగ్గర నా పేరు రాశాను. ఎన్నాళ్ళుగా మీ దగ్గరుంది అన్నచోట అక్టోబరు నుంచి అని రాశాను. నిన్న చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. ఆఫీసరు తల ఊపి, సైటేషన్ రాసి ముందుకు జరిపింది. సంతకం చేశాను.

పది రోజులూ పిల్లి బాగానే ఉంది. పెద్దాయనకు ఇంజెక్షన్లు తప్పాయి, ఆ సంగతి చెప్పడానికి ఆయనే వచ్చాడు. ఈసారి కుక్కను ఇంటి దగ్గర వదిలి వచ్చాడు. లాయరు ఒక కాగితం రాయించుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. దానివల్ల ఏమవుతుందో ఇప్పటికీ తెలీదు. పిల్లి టీకాలతో ఇంటికొచ్చి, రెండు రోజులు బెట్టు చేసి, మూడో రోజు మూత నాకేసింది. మా ఆయన మాత్రం నన్నేమీ అనలేదు, వాళ్ళమ్మ ముఖం చూసి ఊరుకున్నాడు.

అత్తమ్మ కూడా ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నాతో ఎప్పట్లాగే మాట్లాడింది, ఎప్పట్లాగే నా చారులో ఉప్పు తక్కువంది. అంతా సర్దుకుందనే అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఆవిడ తిరుగు ప్రయాణానికి ముందు, ఛాతీలో బరువుగా ఉందంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అన్ని పరీక్షలూ చూసి, గుండె బాగుంది, నిశ్చింతగా విమానం ఎక్కొచ్చు అన్నాడు. నేను మాట పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "అంతే అన్నాడా?"

"అంతే అత్తమ్మా."

"ఇంకేమీ అన్లా?"

"ఒట్టు అత్తమ్మా, ఇంకేమీ అనలేదు."

ఆవిడ నా నుంచి డాక్టర్ వైపు తిరిగి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనకొచ్చిన ఒక్క ఇంగ్లీషు ముక్కతో "గుడ్?" అని అడిగింది. ఆయన నవ్వి బొటనవేలు ఎత్తి చూపించాడు. అది చూశాకే నమ్మింది.